మాత్రలా, మోకాళ్లా?

అమెరికాలో పిల్లలున్న తెలుగింట్లో ఫ్రిజ్ మీదో, దేవుడి గూటి పక్కనో ఇంకో గూడు వెలిసి ఉంటుంది. చేపనూనె, గ్లూకోసమీన్, మల్టీవిటమిన్ సీసాలు వరసగా పేర్చిన గూడు. కొన్నిటికి గడువు తీరి ఏడాది దాటినా పారేయడానికి మనసొప్పదు. పిల్లలు అంత దూరం నుంచి మోసుకొచ్చినవి కదా!

భీమవరంలో సత్యనారాయణగారింట్లో అలాంటిదే ఉంది. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. కూతురు డాలస్‌లో ఉంటుంది. ఆయన భార్యకు తమ్ముడు ప్రసాద్, మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పి రిటైరైనవాడు. మందుల పాఠాలు చెప్పినవాడికి మందులంటే ఇంత అనుమానమేమిటని బావగారి ఫిర్యాదు. చెప్పాను కాబట్టే అనుమానం అని ప్రసాద్ జవాబు. ఇద్దరి వాదనా విన్నవాణ్ని నేను. నా మొగ్గు చాలావరకు ప్రసాద్ వైపే. కానీ రెండు మూడు చోట్ల బావగారు అతన్ని గట్టిగానే ఇరుకున పెట్టారు. ఆ చోట్లేవో పాఠకులే పసిగడతారు.

సత్యనారాయణ: ఏవిటయ్యా ప్రసాదూ, ఆ సీసాల వంక అలా చూస్తావు? నాకిప్పుడు డెబ్బయ్యొకటి. పొద్దున టిఫిను కాగానే చేపనూనె, విటమిన్ ఇ, మల్టీవిటమిన్. మధ్యాహ్నం పసుపు క్యాప్సూలు. రాత్రి అశ్వగంధ. మా నాన్న ఈ వయసుకి మంచం పట్టాడు. నేను స్కూటర్ మీద మార్కెట్‌కి వెళ్లొస్తున్నాను. ఇంతకంటే రుజువేం కావాలి?

ప్రసాద్: మీ నాన్నగారు చుట్టలు కాల్చేవారు బావగారూ, మీరు కాల్చలేదు. మరి ఆ స్కూటర్ ఘనత చేపనూనెకి ఎలా కట్టబెడతారు? సరే, మిగతావాటి సంగతి తర్వాత. ముందు ఆ విటమిన్ ఇ సీసా కిందికి దించండి.

సత్యనారాయణ: దాని మీదేం కోపం?

ప్రసాద్: ప్రొస్టేట్ క్యాన్సర్ రాకుండా విటమిన్ ఇ, సెలీనియం కాపాడతాయేమో చూద్దామని 2001లో సెలెక్ట్ అనే పరీక్ష మొదలుపెట్టారు. 35 వేలమందికి పైగా మగవాళ్లు. లాభమేమీ కనబడక 2008లో మాత్రలు ఆపించేశారు. ఆపాక కూడా వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ 2011లో లెక్క తీస్తే, ఒక్క విటమిన్ ఇ మాత్రమే తీసుకున్నవాళ్లలో ఆ క్యాన్సరే 17 శాతం ఎక్కువ తేలింది. రోజుకు 400 యూనిట్ల మాత్ర అది.

సత్యనారాయణ: నా సీసా మీదా నాలుగొందలే ఉంది.

ప్రసాద్: అందుకే దించమన్నాను. బీటా కెరొటీన్ కథ ఇంకా ఘోరం. క్యారెట్లూ ఆకుకూరలూ బాగా తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని తెలిసి, అందులోని రంగు పదార్థాన్ని మాత్ర చేసి ఫిన్లాండ్‌లో 29 వేలమంది పొగతాగేవాళ్లతో పరీక్ష పెట్టారు. మాత్ర మింగినవాళ్లలో క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో బయటపడింది. అమెరికాలో ఇలాంటి పరీక్షే నడుస్తుంటే 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం పెరిగింది. తోటకూర తినేవాడు తోటకూర ఒక్కటే తినడు కదండీ. వేళకి తింటాడు, తక్కువ తాగుతాడు, ఒంటిమీద శ్రద్ధ పెడతాడు. ఆ పుణ్యమంతా ఒక్క పదార్థానికి రాసిచ్చేశారు.

సత్యనారాయణ: వాళ్లు సిగరెట్లు తాగేవాళ్లు, నేను తాగను. చెడ్డ కథలన్నీ ఏరుకొచ్చి నా ముందు పోస్తున్నావు. మా అమ్మాయి పంపింది చూశాను, 2025లో వచ్చిందట. యూరప్‌లో డెబ్బై దాటినవాళ్లకి మూడేళ్లపాటు ఒమేగా-3 ఇస్తే వాళ్ల ఒంట్లోని జీవగడియారం కొంచెం నెమ్మదించిందట. దానికేమంటావు?

ప్రసాద్: నిజమే. మూడేళ్లకి సుమారు మూడు నెలలు వెనక్కి నడిచింది. డీఎన్ఏ మీద ఉండే గుర్తుల్ని బట్టి వేసే లెక్క అది. కానీ ఆ పరీక్ష పేరు డూ-హెల్త్. దాని అసలు ఫలితాలు 2020లోనే వచ్చాయి. 2,157 మందిలో బీపీ, ఎముకలు విరగడం, జ్ఞాపకం, కాళ్ల సత్తువ, ఇన్ఫెక్షన్లు అన్నీ చూశారు. ఒమేగా-3 వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. గడియారం నెమ్మదించి, కాళ్లూ ఎముకలూ మాత్రం ఉన్నచోటే ఉంటే ఆ గడియారాన్ని ఏం చేసుకుంటాం?

సత్యనారాయణ: ఆ గడియారం పరీక్ష నాకూ చేయించింది అమ్మాయి. నా ఒంటి వయసు అరవయ్యొకటని వచ్చింది.

ప్రసాద్: ముందు మీ అసలు వయసు తేలాలి కదండీ! ఆధార్‌లో మీ పుట్టినరోజు జనవరి 1. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన లెక్క అది. నూరేళ్లు బతికేవాళ్లు ఎక్కువని పేరుపడ్డ ప్రాంతాల్ని తవ్వి చూసిన సాల్ న్యూమన్ అనే పరిశోధకుడికి 2024లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి ఇచ్చారు. ఆ నూరేళ్ల లెక్కల్లో చాలావాటికి సరైన జనన పత్రాలే లేవు, పెన్షన్ కోసం చనిపోయినవాళ్లనీ బతికించి ఉంచిన చోట్లున్నాయి అని ఆయన వాదన. ఇక ఈ గడియారాలంటారా, ఒకే మనిషికి ఒక్కో కంపెనీ ఒక్కో వయసు చెబుతుంది. మీకు నచ్చిన అంకె వచ్చింది, సంతోషించండి.

సత్యనారాయణ: వెటకారం చాలుగానీ, మన ఊరి మనిషి పేరెత్తుతాను, ఇప్పుడు చెప్పు. యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది ఈ భీమవరంలోనే, 1895లో. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయనా దాంతో బాధపడ్డారు. అలాంటి మనిషి అమెరికా వెళ్లి లెడర్లీ అనే మందుల కంపెనీలో ఫోలిక్ యాసిడ్ తయారుచేయించారు. విటమిన్ మాత్ర అంటే నీకంత చులకన, ఆ విటమినే ఎన్ని లక్షల ప్రాణాలు నిలబెట్టింది?

ప్రసాద్: చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆయన చేసింది లోపానికి మందు. రక్తం పట్టనివాడికి ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం పడుతుంది. ఉన్నవాడికి ఇంకా పోస్తే ఇంకా పట్టదు.

సత్యనారాయణ: మరి మీ అక్కయ్య సంగతి? నీసు మానేసి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. పొద్దున లేస్తే పరగడుపున గ్యాస్ మాత్ర. అరికాళ్లు తిమ్మిర్లని, మాటలు మర్చిపోతున్నానని గోలపెడితే అందరూ వయసన్నారు. రక్తం తీస్తే బి12 అడుగంటిపోయింది. మాత్రలు వాడాక తిమ్మిర్లు తగ్గాయి. అదీ నీ సప్లిమెంటే కదా?

ప్రసాద్: నూటికి నూరుపాళ్లు సరే. బి12 మాంసం, చేప, గుడ్డు, పాలల్లో తప్ప మొక్కల్లో దొరకదు. మెట్‌ఫార్మిన్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆమ్లం లేకపోతే తిండిలోని బి12 విడిపోదు. వయసుతో ఆ ఆమ్లం ఎటూ తగ్గుతుంది. అక్కయ్యకి నాలుగు కారణాలూ ఒకేచోట కలిశాయి. అది సప్లిమెంటు కాదు, మందు.

సత్యనారాయణ: చూశావా, గెలిస్తే మందు, ఓడితే సప్లిమెంటు! ఇదేం న్యాయం? విటమిన్ డి కూడా అంతే చేశారు మీవాళ్లు. అమెరికాలో పాతికవేలమందికి ఇచ్చి, గుండె జబ్బు తగ్గలేదు, క్యాన్సర్ తగ్గలేదు, ఎముకలు విరగడం తగ్గలేదు అని చాటింపేశారు. వాళ్లలో చాలామందికి అసలు లోపమే లేదట. లోపం లేనివాళ్లకి ఇచ్చి లాభం లేదనడం ఏం పరీక్షయ్యా?

ప్రసాద్: ఆ వైటల్ పరీక్ష మీద మంచి డాక్టర్లు కూడా అదే మాట అన్నారు, ఒప్పుకుంటాను. మన దగ్గర పరిస్థితి వేరు. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లని పరీక్షించి 2007లో ప్రచురించారు. ఇంత ఎండ కాసే చోట కూడా చాలామందికి డి విటమిన్ తక్కువ, తిండిలో కాల్షియమూ తక్కువ. లోపం తేలినవాళ్లకి వారానికో 60 వేల యూనిట్ల పొడి పొట్లం, కొన్ని వారాలు, సబబే. కానీ ఎనిమిది వారాలకి రాసిన చీటీని జిరాక్స్ తీసుకుని ఏళ్ల తరబడి వాడేవాళ్లని మీరూ చూశారు, నేనూ చూశాను. అదే పొరపాటు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన ఆడవాళ్లకి ఏడాదికొక్కసారి ఐదు లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూశారు. 2010లో తేలిందేమిటి? పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగాయి. ఎముకల కోసమే ఇచ్చిన మందండీ అది!

సత్యనారాయణ: పసుపు మీద కూడా ఇంతే విషం కక్కుతావా? కూరలో రోజూ తింటాం.

ప్రసాద్: కూరలో పసుపు జోలికి నేను పోను. అందులోని కర్కుమిన్ ఒంటికి పట్టదు, పేగుల్లోంచి అలాగే వెళ్లిపోతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే ఇరవై రెట్లు పడుతుందని 1998లో బెంగళూరు వాళ్లే చూపించారు. అప్పటి నుంచి క్యాప్సూళ్లలో రెండూ దట్టిస్తున్నారు. తర్వాత లివర్ వాచి ఆసుపత్రుల్లో చేరినవాళ్ల కేసులు అమెరికాలో, ఇటలీలో బయటపడ్డాయి. అశ్వగంధతోనూ అలాంటి కేసులున్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. అందరికీ అవుతుందని కాదు. కానీ డెబ్బై దాటాక లివర్‌తో జూదమెందుకు?

సత్యనారాయణ: మల్టీవిటమిన్?

ప్రసాద్: దాంతో పేచీ లేదు. అరవై దాటినవాళ్ల జ్ఞాపకశక్తికి కాస్త మేలని కాస్మోస్ పరీక్షల్లో తేలింది. ఆయుష్షు మాత్రం పెరగదు. దాదాపు నాలుగు లక్షలమంది అమెరికన్లని ఇరవై ఏళ్లకి పైగా గమనించి 2024లో ఆ మాట చెప్పారు. ఉంచుకోండి.

సత్యనారాయణ: ఇప్పుడు నా వంతు. నువ్వు పొద్దున్నే బూట్లేసుకుని గునుపూడి దాకా నడిచొస్తావు. నడిస్తే నూరేళ్లని ఊరందరికీ చెబుతావు. నా మాత్రకి పాతికవేలమందితో పరీక్ష అడిగావే, మరి నీ నడకకి రుజువేది?

ప్రసాద్: లండన్ బస్సులతో మొదలుపెడతాను. జెరెమీ మోరిస్ అనే డాక్టరు 1953లో రాశాడు. రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు, కండక్టర్ మెట్లెక్కి దిగుతుంటాడు. ఒకే డిపో, ఒకే తరగతి మనుషులు. గుండెపోట్లు డ్రైవర్లకే ఎక్కువ.

సత్యనారాయణ: ఆగు. డ్రైవర్లంతా ముందునుంచీ లావుపాటి మనుషులేమో? ఇందాక తోటకూర గురించి నువ్వు చెప్పిందే నీకు చెబుతున్నాను.

ప్రసాద్: అక్షరాలా ఆ అనుమానమే మోరిస్‌కీ వచ్చింది! కంపెనీ కుట్టించిన యూనిఫాంల కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు ఉద్యోగంలో చేరేనాటికే పెద్దవి. అది కూడా ఆయనే 1956లో ప్రచురించాడు. ఇలాంటివాళ్ల మీద నాకు నమ్మకం అందుకే.

సత్యనారాయణ: అంటే నీ మొదటి రుజువు సగం పోయింది. పరీక్షలు పెట్టి చూశారా, నడిస్తే ఆయుష్షు పెరుగుతుందని?

ప్రసాద్: నార్వేలో ట్రాన్‌హైమ్ అనే ఊళ్లో పెట్టారు. డెబ్బై దాటిన 1,567 మంది, ఐదేళ్లు. ఒక గుంపుకి దగ్గరుండి వ్యాయామం చేయించారు, రెండో గుంపుని ప్రభుత్వ సలహా ప్రకారం మీరే నడవండి అని వదిలేశారు. 2020లో లెక్క చూస్తే చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

సత్యనారాయణ: అయిపోయింది! నీ నడకా నా సీసా ఒక్కటే ఇక. ఒకటి చెమట పట్టిస్తుంది, ఇంకోటి పట్టించదు, అంతే.

ప్రసాద్: రెండో గుంపు వాళ్లు కూడా ఇంట్లో కూర్చోలేదు బావగారూ, బాగానే నడిచారు. కాబట్టి ఆ తీర్పు అంత సూటిది కాదు. అయినా సరే, మీ మాట ఒప్పుకుంటాను. వ్యాయామం ఇన్నేళ్లు ఆయుష్షు పెంచుతుందని పరీక్షలతో రుజువైందని నేను ప్రమాణం చేయను. అసలు ఏళ్ల లెక్క అడగడమే నాకు నచ్చదు. మీ నాన్నగారు ఎనభై ఏడు దాకా ఉన్నారు. అందులో పదహారేళ్లు మంచంలో. ఆయన పోగొట్టుకున్నది ఏళ్లనా, కాళ్లనా?

సత్యనారాయణ: కాళ్లనే. అది నిజం.

ప్రసాద్: కాళ్ల లెక్కకి పరీక్షలున్నాయి. అమెరికాలో లైఫ్ అనే పరీక్ష, 2014లో ఫలితాలు. డెబ్బై నుంచి ఎనభై తొమ్మిదేళ్ల మధ్యవాళ్లు 1,635 మంది, అప్పటికే తూలుతూ నడుస్తున్నవాళ్లు. సగంమందికి నడక, కాళ్లకి బరువుల వ్యాయామం. సగంమందికి ఆరోగ్యం మీద ఉపన్యాసాలు. నాలుగొందల మీటర్లు ఎవరి సాయం లేకుండా నడవగలరా అన్నదే కొలత. ఉపన్యాసాలు విన్నవాళ్లలో 35.5 శాతం ఆ శక్తి పోగొట్టుకున్నారు, కసరత్తు చేసినవాళ్లలో 30.1 శాతం. ఇంకా వెనక్కి వెళ్తే, 1990లో మరియా ఫియాటరోనీ బోస్టన్‌లో ఓ వృద్ధాశ్రమంలో తొంభయ్యేళ్ల పదిమందికి ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైల్లోనండీ! సీసాలో అలాంటిది ఏదైనా ఉంటే చూపించండి.

సత్యనారాయణ: ఉంది. క్రియాటిన్. అల్లుడు జిమ్‌కి వెళ్తూ తాగుతాడు.

ప్రసాద్: అది మీరు భలే పట్టుకున్నారు. మళ్లీ మన సుబ్బారావుగారి దగ్గరికే వచ్చాం. కండరంలో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్‌ని హార్వర్డ్‌లో 1927లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది ఆయనే. పెద్దవాళ్లు బరువుల కసరత్తు చేస్తూ క్రియాటిన్ తీసుకుంటే, కసరత్తు మాత్రమే చేసినవాళ్లకంటే దాదాపు ఒకటిన్నర కిలో కండ ఎక్కువ పట్టిందని 22 పరీక్షల్ని కలిపి 2017లో లెక్క తేల్చారు. కానీ రెండు గుంపులూ కసరత్తు చేశాయి, అది మర్చిపోకండి. సోఫాలో కూర్చుని తాగితే వచ్చేది పెద్దగా ఏమీ లేదు. ఇంకో సంగతి, దాంతో రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె పెరుగుతుంది. డాక్టరుకి చెప్పకపోతే కిడ్నీలు దెబ్బతిన్నాయని కంగారుపడతాడు. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

సత్యనారాయణ: సరే, నేనేం చేయాలంటావు?

ప్రసాద్: కింద కూర్చోండి.

సత్యనారాయణ: ఏమిటి?

ప్రసాద్: నేలమీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవండి. బ్రెజిల్‌లో క్లాడియో అరౌజో అనే డాక్టరు యాభై దాటిన 2,002 మందితో ఇదే చేయించి మార్కులు వేశాడు. తక్కువ మార్కులొచ్చినవాళ్లు ఆ తర్వాతి ఏళ్లలో ఎక్కువమంది చనిపోయారు. మన తాతలు రోజుకి పదిసార్లు చేసిన పని. డైనింగ్ టేబులొచ్చి భోజనం, సోఫా వచ్చి కబుర్లు, కుర్చీ వచ్చి పూజ, అన్నీ నేల వదిలేశాయి.

సత్యనారాయణ: మోకాళ్లు పట్టేస్తాయయ్యా, అందుకేగా గ్లూకోసమీన్!

ప్రసాద్: అదీ 2006లో పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కంటే గొప్పగా ఏమీ చేయలేదు. తొడ కండ గట్టిపడితే మోకాలికి ఊరట. కుర్చీలోంచి చేతులు ముడుచుకుని లేవడంతో మొదలుపెట్టండి. గుడ్డు, పప్పు, చేప తగ్గించకండి. చేపల చెరువుల నడుమ కూర్చుని అమెరికా నుంచి చేపనూనె తెప్పించుకోవడం నాకైతే నవ్వొస్తుంది. చెరువు శీలావతిలో ఒమేగా-3 తక్కువే, నిజమే. నరసాపురం వైపు నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు తినండి. అది సరే, ఒక్క మాట అడుగుతాను. బీపీ మాత్ర వేసుకుంటున్నారా?

సత్యనారాయణ: అప్పుడప్పుడూ. రోజూ వేసుకుంటే అలవాటైపోతుందని...

ప్రసాద్: చూశారా! ఏ రుజువూ లేని సీసాలకి అలవాటు పడటానికి భయం లేదు, దీనికి భయం! మాత్రలంటే నాకు పడదనుకుంటున్నారు మీరు. ఆయుష్షు పెంచే మాత్ర ఉంది. ఎనభై దాటిన బీపీ రోగులు 3,845 మందికి హైవెట్ అనే పరీక్షలో ఇండపమైడ్, చాలకపోతే దానికి తోడు పెరిండోప్రిల్ ఇచ్చారు. 2008లో ప్రచురించారు. ఏ కారణంతోనైనా సరే చనిపోవడం 21 శాతం తగ్గింది. ముందే ఆపేయాల్సి వచ్చిందా పరీక్ష, ఉత్తుత్తి మాత్రల వాళ్లకి అన్యాయమవుతుందని. చవక మందు. కూతురు పంపక్కర్లేదు, వీధి చివర మెడికల్ షాపులో దొరుకుతుంది. దానికి ప్రకటనలుండవు, అందుకే మీ కంటికి ఆనలేదు.

సత్యనారాయణ: ఇంతసేపూ నడక నడక అని చివరికి మాత్రే వేసుకోమంటున్నావు.

ప్రసాద్: అవును. ఆవకాయ ముక్క కూడా చిన్నది వేసుకోమంటున్నాను.

వాదన అక్కడితో ఆగలేదు గానీ, తర్వాతిదంతా పాత లెక్కలు తవ్వుకోవడం. విటమిన్ ఇ, పసుపు క్యాప్సూళ్లు, అశ్వగంధ ఆ గూట్లోంచి దిగాయి. చేపనూనె దిగలేదు, కూతురు నొచ్చుకుంటుందట. ప్రసాద్ కూడా పట్టుబట్టలేదు.

చదివేవాళ్లకి ఒక్క విన్నపం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు మీ సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఆపరేషనుకి ముందైతే మరీ. జుట్టు కోసం తినే బయోటిన్ థైరాయిడ్ పరీక్షనీ, గుండెపోటు తేల్చే ట్రొపోనిన్ పరీక్షనీ తప్పుగా చూపించగలదని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మెట్‌ఫార్మిన్ గానీ గ్యాస్ మాత్ర గానీ ఏళ్లుగా వాడుతున్నవాళ్లు బి12 పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో ఆ రోజే అడిగి రండి.